పాత ఇల్లు బాగుచేస్తున్నారా? పూత పడకముందే ఇరుగుపొరుగును పిలవండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో మండువా లోగిళ్ల మీద, అంటే నడిమధ్య కప్పు లేని వాకిలి, దాని చుట్టూ గదులు ఉండే పాత ఇళ్ల మీద వచ్చిన వ్యాసం చదివాం. పాత ఇల్లంటే పడగొట్టి అపార్ట్‌మెంటు లేపడమే అనుకుంటున్న రోజుల్లో, ఊరి నడిబొడ్డున ఇల్లు నిలబెట్టుకున్నవారి గురించి రాయడం మంచి పని. కాకపోతే వ్యాసంతోపాటు వేసిన పెద్ద ఫొటోను మరొక్కసారి చూడండి. మండువా చుట్టూ గోడలకు నేల నుంచి నాలుగడుగుల ఎత్తున నిగనిగలాడే టైల్స్ అతికించారు. ఆ టైల్స్ పై అంచుకు జానెడు పైన, రంగు పొంగి పెచ్చులు లేచిన చార గోడ పొడవునా సాగిపోతోంది. మీరు ‘పునర్వైభవం’ అని పేరు పెట్టిన ఇంటికి జబ్బు ఆ టైల్స్ దగ్గరే మొదలైంది.

ఆ ఇంటివారిని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. గోడ అడుగున చెమ్మ కనపడితే టైల్స్ వేయించమని సలహా ఇవ్వని మేస్త్రి మన ఊళ్లలో అరుదు. మా మాట వేరు. పాత ఇల్లు బాగుచేసేవారు పనంతా అయ్యాక రంగులు వేసి, మామిడి తోరణం కట్టి, నలుగురినీ పిలిచి చూపిస్తున్నారు. అప్పటికి చూడవలసినదంతా పూత కిందికి పోయి ఉంటుంది. గోడ విప్పి ఉన్నప్పుడు, పెంకు దించి ఉన్నప్పుడు, సున్నం గానుగ తిరుగుతున్నప్పుడు పిలవాలి. ఇది మర్యాద కోసం చెప్పే మాట కాదు. పట్నంలో పాత ఇంటి గోడ పక్కింటితో ఉమ్మడి. మురుగు తూము నాలుగిళ్ల పెరళ్ల గుండా పోతుంది. వీధి మట్టం అందరిదీ. పక్కింటివారు కలిసిరాకపోతే మీరెంత సొగసుగా బాగుచేసినా అయిదారేళ్లలో మళ్లీ మొదటికొస్తుంది.

ఎందుకో చెప్పాలంటే చెమ్మ సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. వందేళ్ల కిందటి ఇళ్లకు పునాది మీద తేమను ఆపే పొర ఉండదు. నేలలోని చెమ్మ ఇటుకలోకి ఎక్కుతూనే ఉంటుంది. సున్నపు పూత ఉన్నంతకాలం అది రెండు మూడడుగులు ఎక్కి, పూత గుండానే బయటికి ఆరిపోతుంది. తడవడం, ఆరడం ఆ గోడకు అలవాటే. దాని మీద సిమెంటు పూసినా, టైల్స్ అంటించినా, ఆయిల్ పెయింటు కొట్టినా ఆరే దారి మూసుకుపోతుంది. కింద నుంచి వచ్చే చెమ్మ మాత్రం ఆగదు. దారి దొరికేదాకా పైకి ఎక్కుతుంది. నేలలోంచి తనతో తెచ్చిన ఉప్పు, నీరు ఆరే చోట గడ్డకట్టి ఇటుక ముఖాన్ని లోపలి నుంచి బయటికి తోస్తుంది. అందుకే సిమెంటు పూత చూపులకు గట్టిగానే ఉంటుంది, వేలి కణుపుతో కొడితే డొల్ల మోగుతుంది. ఊడదీస్తే వెనక ఇటుక గోధుమపిండిలా రాలుతుంది.

ఇప్పుడు ఉమ్మడి గోడ సంగతి చూడండి. పక్కింటివారు తమ వైపు వంటింటికి నిలువెత్తు టైల్స్ వేయించుకుంటే, ఆ గోడలోని చెమ్మకు మిగిలిన దారి మన పడకగది వైపే. మనం ఇటువైపు ఎన్నిసార్లు పూత మార్చినా లాభం లేదు. ఆ సంగతి మాటల్లో చెబితే పక్కింటాయనకు నేరం మోపినట్టుంటుంది, తగవు అవుతుంది. పూత ఊడదీసిన గోడ ముందు నిలబెట్టి, తడి గీత ఎక్కడిదాకా ఎక్కిందో, ఇటుక ఎక్కడ రాలిందో చేత్తో తాకనిస్తే ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు. అప్పుడు ఆయనే తన వైపు టైల్స్ పై వరస తట్టి చూసుకుంటాడు.

పని వరస గురించి కూడా చాలామంది అడుగుతుంటారు. మొదట నీరు, తరవాత గోడ, ఆ తరవాత కర్ర, చిట్టచివర రంగు. దీన్ని తలకిందులు చేసినవాళ్లే ఎక్కువ ఖర్చుపెట్టారు. అసలు పని మొదలుపెట్టకముందు ఒక వానాకాలం ఇంటిని ఊరికే గమనిస్తే మంచిది. నీరు ఎక్కడ కారుతోంది, ఏ మూల ఎన్ని రోజులకు ఆరుతోంది, తూము ఎప్పుడు ఎదురు తంతోంది అన్నది ఒక నోటుబుక్కులో తేదీలతో రాసుకోవాలి. గోడ పగుళ్ల మీద సన్నని గాజు ముక్కను అడ్డంగా పెట్టి, రెండు చివరలా ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అతికించి, పక్కనే తేదీ వేయాలి. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడిచినా గాజు పగలకపోతే అది పాత పగులు, సున్నంతో నింపేయొచ్చు. పగిలితే పునాది ఇంకా కదులుతోందన్నమాట. నల్లరేగడి నేలల్లో ఇది మామూలే. అలాంటప్పుడు పూత కన్నా ముందు ఇంజనీరును పిలవాలి.

కప్పు విషయానికి వస్తే, మన గోదావరి డెల్టా ఊళ్లలో పాత ఇళ్లు ఎక్కువగా బెంగుళూరు పెంకువి. పేరు అలా స్థిరపడింది గానీ ఈ పెంకు పుట్టిల్లు మంగుళూరు. బాసెల్ మిషన్ వారు 1865లో అక్కడ మొదటి కార్ఖానా పెట్టారు. దించిన ప్రతి పెంకునూ వేలితో తట్టి చూడాలి. కంచులా మోగితే మంచిది, మొద్దుగా మోగితే లోపల పగులుంది. మంచివన్నీ వరసల వారీగా నిలువునా పేర్చుకోవాలి, ఒకదాని మీద ఒకటి పడుకోబెడితే అడుగువి విరుగుతాయి. కొత్త పెంకులు తెచ్చి పాతవాటితో కలిపితే గాడి గాడిలో కూర్చోదు, సందులోంచి ఈదురుగాలికి వాన లోపలికి కొడుతుంది. కొత్తవి వేయక తప్పకపోతే ఒక వాలు మొత్తానికి కొత్తవే వేసి, అక్కడి పాతవాటిని మిగిలిన వాలులకు సర్దుకోవడం మేలు.

రీపర్ల, అంటే పెంకులు తగిలించే సన్న కర్ర పట్టీల దూరం పుస్తకం చూసి కొట్టకూడదు. దించిన పెంకులు నాలుగైదు నేల మీద ఒకదానికొకటి తగిలించి పరిచి, ఒక పెంకు కొక్కెం నుంచి మరో పెంకు కొక్కేనికి ఎంతుందో కొలవాలి. మామూలుగా పన్నెండు, పదమూడు అంగుళాల మధ్య వస్తుంది. కార్ఖానాను బట్టి అరంగుళం అటూ ఇటూ ఉంటుంది. ఆ అరంగుళం పట్టించుకోకపోతే చూరు నుంచి కొప్పుదాకా ఇరవై వరసలకు పది అంగుళాల తేడా వస్తుంది. చివరి వరస పెంకులు కోయాల్సి వస్తుంది, కారేది అక్కడే.

మండువా ఇంట్లో అసలు కీలకం నాలుగు లోపలి మూలలు. రెండు వాలులు కలిసే ఆ గాడి మీద రెండు వాలుల నీళ్లూ పడతాయి. పాతవారు అక్కడ రేకు వేసి, దాని రెండు అంచులూ పైకి మడిచేవారు. ఆ మడతే నీటిని కర్ర మీదికి పొర్లకుండా ఆపుతుంది. ఇప్పుడు వేసేవారు మడత మానేసి, పెంకుకీ రేకుకీ మధ్య సిమెంటు కూరుతున్నారు. సిమెంటు ఎండకు బీటలు వారుతుంది, ఆ బీటలోంచి దిగిన నీరు బయటికి ఆరే దారి లేక మూలవాసాన్ని కుళ్లబెడుతుంది. పైగా మరోసారి పెంకు విప్పాలంటే సిమెంటుతోపాటు పెంకూ పగులుతుంది. రేకు కనీసం ఒకటిన్నర అడుగుల వెడల్పు ఉండాలి, అంచులు అంగుళం మడవాలి, పెంకులు రేకు మీదికి రెండు మూడు అంగుళాలు వచ్చి ఆగాలి, మధ్యలో గాడి చెయ్యి పట్టేంత ఖాళీగా ఉండాలి. ఏటా జూన్‌కు ముందు ఆకులు తీయడానికి ఆ ఖాళీ అవసరం.

మండువాలో పడే నీళ్లు ఎన్నో చాలామంది ఊహించరు. లోపలికి వాలే కప్పు 60 చదరపు మీటర్లు ఉందనుకోండి. గంటలో 5 సెంటీమీటర్ల వాన పడితే 3,000 లీటర్లు ఆ చిన్న గుంటలో దిగుతాయి. తుపాను రోజున ఇంకా ఎక్కువే. పాత తూము శుభ్రంగా ఉంటే ఆ నీటిని సులువుగానే మోస్తుంది. అడ్డం పడేది వీధి. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే మళ్లీ మళ్లీ సిమెంటు రోడ్డు పోస్తూ పోవడంతో, మూడు మెట్లెక్కి చేరవలసిన అరుగు చాలా వీధుల్లో రోడ్డుకు సమానమైపోయింది. వీధి కాలువ మండువా నేల కన్నా ఎత్తయింది. వానొస్తే మురుగు ఎదురు తన్ని ఇంట్లోకి వస్తుంది. దీనికి మండువాను మట్టితో నింపి ఎత్తు చేయడం చాలాచోట్ల చూస్తున్నాం. అది చేయకండి. స్తంభాల అడుగు రాళ్లు మునిగిపోతాయి, కర్ర మట్టిని తాకుతుంది, చెదలు నేరుగా ఎక్కుతాయి, చుట్టూ గదుల గోడలు ఇంకో అడుగు తడుస్తాయి. తూముకు ఎదురునీరు రానివ్వని మూత బిగించి, మండువా నీటిని పెరట్లోని పాత నూతికో, ఇంకుడుగుంతకో ఇసుక, గులకరాళ్ల వడపోత గుండా మళ్లించాలి. డెల్టాలో వానాకాలం నేల నీరు పైపైనే ఉంటుంది గనక ఇంకుడుగుంత నిండిపోవచ్చు. అక్కడ చిన్న సంపు, అందులో నీటిమట్టాన్ని బట్టి దానంతటదే తిరిగే మోటారు పెట్టుకోక తప్పదు. ఆ తూము ఏ ఏ పెరళ్ల గుండా పోతోందో పక్కవారితో కలిసి వెతకాలి. ఎవరో ఒకరు స్నానాలగది కట్టి దాన్ని మూసేసి ఉంటారు.

ఇక సున్నం. సున్నం పని తెలిసినవారికి కొత్త సంగతులేమీ లేవు గానీ, ఇల్లుగలవారు తెలుసుకుంటే మోసపోరు. సిమెంటు పూతను చిన్న ఉలితో, చేతి సుత్తితోనే ఊడదీయాలి. కరెంటు బ్రేకరు పెడితే ఆ అదురుకు మెత్తబడ్డ ఇటుకలు కూడా కదిలిపోతాయి. చెమ్మ గీతకు పైన మరో అడుగున్నర దాకా తీసేయాలి. ఇటుకల మధ్య సందులు ముప్పావు అంగుళం లోతు గీకాలి. తెల్లగా పేరుకున్న ఉప్పును పొడి చీపురుతో, పీచు బ్రష్షుతో దులిపి, కింద పట్టా పరిచి ఆ పొడిని వీధి అవతల పారబోయాలి. నీళ్లతో కడిగితే ఉప్పు కరిగి తిరిగి గోడలోకే పోతుంది. మొండి ఉప్పుకు కాగితపు గుజ్జు మందు: పాత కాగితాలు మంచినీళ్లలో నానబెట్టి మెత్తగా చేసి, అంగుళం మందాన గోడకు పట్టించి, ఎండి దానంతటది విడిపోయేదాకా ఉంచి తీసేయాలి. గోడలో తడి ఉప్పును మోసుకుంటూ గుజ్జులోకి వస్తుంది. రెండు మూడు విడతలు పట్టొచ్చు. ఆ తరవాత గోడను ఆరనివ్వాలి. ఒకటిన్నర అడుగు గోడ ఆరడానికి కనీసం ఒక ఎండాకాలం కావాలి. ఇక్కడే అందరికీ ఓపిక నశిస్తుంది. గృహప్రవేశానికి ముహూర్తం పెట్టేసి, తడి గోడ మీదే పూత వేయించేస్తారు.

సున్నపు రాళ్లను చల్లార్చడం ప్రమాదకరమైన పని. గుంతలో ముందు నీళ్లు పోసి, రాళ్లను కొంచెం కొంచెంగా వేయాలి, కుప్ప పోసిన సున్నం మీద నీళ్లు గుమ్మరించకూడదు. కుతకుత ఉడికి ఎగజిమ్ముతుంది, కంట్లో పడితే చూపు పోతుంది. కళ్లద్దాలు, చేతి తొడుగులు, పక్కన బకెట్టెడు మంచినీళ్లు ఉండి తీరాలి. చల్లారిన సున్నాన్ని సన్న జల్లెడ పట్టి, పైన నీరు నిలిచి ఉండేట్టు కనీసం మూడు నాలుగు వారాలు నాననివ్వాలి. ఎంత నానితే అంత జిగురు. చల్లారకుండా మిగిలిన గింజ ఒక్కటి పూతలో పడినా, నెలల తరవాత ఉబ్బి గోడ మీద మొటిమలా పేలుతుంది.

పాళ్లు: మామూలు పూతకు ఒక వంతు సున్నపు ముద్దకు మూడు వంతుల ఇసుక. చెమ్మ తగిలే చోట ఒక వంతు సున్నం, ఒక వంతు సుర్కీ, రెండు వంతుల ఇసుక. సుర్కీ అంటే ఏ ఇటుక పొడి అయినా సరిపోదు. తక్కువ మంటలో కాలిన మెత్తటి ఇటుకను పొడి చేస్తేనే అది సున్నంతో కలిసి తడిలోనూ గట్టిపడుతుంది. నల్లగా కాలిన ఇటుక పొడి ఉత్త ఇసుకతో సమానం. ఇసుక ఏటిది కావాలి, కడిగి ఆరబెట్టాలి. సముద్రపు ఇసుక వేస్తే మనం బయటికి తీసిన ఉప్పును మనమే లోపల పెట్టినట్టు. సున్నంలో కలిపే కరక్కాయ, బెల్లం నీళ్ల కొలత మేస్త్రికొకటి. బెల్లం ఎక్కువైతే పూత ఆలస్యంగా బిగుస్తుంది, చీమలు పడతాయి. ఎవరు ఎంత చెప్పినా, కనపడని మూల రెండడుగుల ముక్క పూసి, నెల రోజులు చూసి, ఆ తరవాతే ఇంటికంతటికీ ఒప్పుకోవాలి.

గానుగ పట్టిన సున్నం సరిపడిందో లేదో తెలియాలంటే తాపీ మీద ముద్ద వేసి తిరగేయండి. జారకుండా అంటుకుని ఉంటే చాలు. గోడను ముందురోజు సాయంత్రం నుంచే తడపాలి, పొడి గోడ పూతలోని నీటిని పీల్చేసి అట్టలా ఊడగొడుతుంది. ఒక్కో పూత అరంగుళానికి మించకూడదు. వేసిన మర్నాడు పగుళ్ల గీతలు కనపడటం సహజం. పూత వేలికి కొంచెం దిగేలా ఉన్నప్పుడే చెక్క పలకతో అదిమి రుద్దితే కలిసిపోతాయి. గోనెపట్టాలు కట్టి వారం పది రోజులు తడి ఆరకుండా చూడాలి. సున్నం గాలిని తీసుకుని గట్టిపడుతుంది, గది తలుపులు మూసేసి ఉంచితే బిగుసుకోదు. పనికి డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. ఏప్రిల్ ఎండలో పూసింది గట్టిపడకముందే ఎండిపోతుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, కలిపే చోట ‘తొందరగా పట్టుకోవడానికి పిడికెడు సిమెంటు’ అన్న మాట వినపడితే పని ఆపేయండి. ఆ పిడికెడు సిమెంటుతో పూత సున్నంలా మెత్తగానూ ఉండదు, సిమెంటులా గట్టిగానూ ఉండదు. సిమెంటులోని ఉప్పు మాత్రం గోడకు చేరుతుంది.

పూత మీద వెల్లే వేయాలి. పలచగా, ఒకటి ఆరాక ఒకటి, మూడు పూతలు. ప్లాస్టిక్ ఎమల్షన్ వేస్తే ఇంత శ్రమా వృథా.

డాబా ఉన్న పాత ఇళ్లకు చాలావాటికి మద్రాసు మిద్దె ఉంటుంది. టేకు దూలాల మీద పలచటి చిన్న ఇటుకలను అంచుమీద నిలబెట్టి, ఏటవాలు వరసల్లో సున్నంతో పేర్చి, పైన ఇటుక ముక్కల సున్నపు కాంక్రీటు పోసి, చెక్క దిమ్మిసలతో రోజుల తరబడి కొడతారు. అది కారుతుంటే పైన మూడంగుళాల సిమెంటు కాంక్రీటు పోయించడం మన ఊళ్లలో అలవాటు. మూడంగుళాల కాంక్రీటు చదరపు మీటరుకు దాదాపు 180 కిలోలు. అంటే నూరు చదరపు అడుగుల గది మీద 1,600 కిలోల పైచిలుకు కొత్త బరువు. ఆ దూలాలు అంత బరువు కోసం పెట్టినవి కావు. పైగా దూలం కుళ్లేది మధ్యలో కాదు, గోడలో దూరిన చివర. అక్కడ కర్రను సుత్తితో తట్టి, పదునైన స్క్రూడ్రైవరుతో పొడిచి చూడాలి. అరంగుళం సులువుగా దిగిందంటే అనుమానించాల్సిందే. జాకీలు, సర్వీ బాదులు పెట్టి బరువు దించాక కుళ్లినంత కోసేసి, మంచి టేకు ముక్కను అతికి, రెండు వైపులా ఇనుప పలకలు వేసి బోల్టులు బిగిస్తే మొత్తం దూలం మార్చనక్కర్లేదు. గోడలో దూలం చివర చుట్టూ అరంగుళం ఖాళీ వదలాలి. ఆ ఖాళీని నింపేయడం మేస్త్రీలకు సహజంగా చేతికొచ్చేస్తుంది. దగ్గరుండి ఆపండి.

స్తంభాలు, గుమ్మాల మీద పేరుకున్న ఆయిల్ పెయింటును మంటతో కాల్చి తీయొద్దు, ఉప్పుకాగితంతో పొడిగా రుద్దొద్దు. పాత రంగుల్లో సీసం ఉంటుంది, ఆ పొగ, ఆ పొడి పసిపిల్లలకు విషం. రంగు తీసే మందు రాసి, మెత్తబడ్డాక గీకి, ఆ చెత్తను తడిగానే సంచిలో కట్టేయాలి. తరవాత అవిసెనూనెలో సగానికి సగం టర్పెంటైన్ కలిపి పలచగా పట్టిస్తే టేకు నిగారింపు తేలుతుంది. నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేయకండి. వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. నీళ్లలో ముంచి, విడివిడిగా ఆరేయాలి. కరెంటు విషయంలో ఒక్క మాటే: పాత తీగలన్నీ తీసేసి కొత్తవి వేయండి, సున్నపు గోడను చెక్కకుండా పైపైనే కర్ర పట్టీల్లో నడపండి, లీకేజీకి ఆగిపోయే 30 మిల్లీ ఆంపియర్ల బ్రేకరు పెట్టించండి.

ఇప్పుడు చూపించడం గురించి. రాజమండ్రిలో వీరేశలింగం పంతులుగారి ఇల్లు, విజయనగరంలో గురజాడవారి ఇల్లు జనం వెళ్లి చూసేవే. అవి మహానుభావుల ఇళ్లు గనక నిలిచాయి. ఏ పేరూ లేని ధాన్యం వ్యాపారి ఇల్లు, ప్లీడరు గారి ఇల్లు ఏ జాబితాలోనూ ఉండవు. వాటిని నిలబెట్టేది వీధే. అహ్మదాబాద్‌లో 1997 నవంబరు 19న పాతబస్తీ పోళ్లలో, అంటే ఇరుకు సందుల పాత ఇళ్ల పేటల్లో జనాన్ని నడిపించి చూపడం మొదలుపెట్టారు. ఆ నగరం 2017లో యునెస్కో ప్రపంచ వారసత్వ నగరమైంది. అంత పెద్ద లెక్కలు మనకక్కర్లేదు గానీ, తేదీ గురించి ఒక సలహా. ఏప్రిల్ 18న వారసత్వ దినమని, నవంబరు 19 నుంచి వారసత్వ వారమని పట్టుకు కూర్చోకండి. ఏప్రిల్‌లో ఎండ, నవంబరులో తుపాన్లు. సంక్రాంతికి చూపించండి. మన ఊళ్లలో పాత ఇళ్లు వయసు మీరి పడిపోయేదాని కన్నా పంపకాల్లో పడిపోయేవే ఎక్కువ. హైదరాబాదులో, అమెరికాలో ఉన్న వాటాదారులంతా ఇంట్లో ఉండేది ఆ మూడు రోజులే. అప్పటికి పూత విప్పి, గానుగ తిరుగుతూ ఉంటే, ఒకరి వాటా అమ్మకానికి పెట్టాలన్న మాట కనీసం మరో ఏటికి వాయిదా పడుతుంది.

ఒక్కో విడతకు పది మందికి మించకూడదు. దూలాలు బాగయ్యేదాకా మేడ మీదికి నలుగురైదుగురే. సున్నపు గుంత మీద పలకలు వేసి, చుట్టూ తాడు కట్టాలి. పరంజా కింద నిలబడనివ్వకూడదు. మనవాళ్లకు గడప దగ్గర చెప్పులు విడిచే అలవాటు. పని జరుగుతున్న ఇంట్లో మేకులు, సున్నం బెడ్డలు కాళ్లకు గుచ్చుకుంటాయి. ‘ఇక్కడ చెప్పులతోనే రండి, పాత గచ్చు దగ్గర విడవండి’ అని పెద్ద అక్షరాలతో రాసి పెట్టకపోతే పెద్దవాళ్లు వట్టి కాళ్లతోనే వస్తారు. దేవుడి గది, పడకగదులు చూపించాలా వద్దా అన్నది ముందే తేల్చుకుని తాళం వేయండి, గుమ్మంలో మొహమాటపడటం కన్నా అది నయం.

వివరించే పని ఇంటి యజమానిది కాదు, తాపీ మేస్త్రిది, వడ్రంగిది. ఆ రోజు వాళ్లకు పూర్తి కూలీ ఇవ్వాలి, టీ ఇచ్చి సరిపెట్టకూడదు. గోడ మీద పక్కపక్కనే మూడు ముక్కలు చూపించండి: ఊడదీయని సిమెంటు, విప్పిన ఇటుక, కొత్త సున్నపు పూత. మూడింటినీ తట్టి వినమనండి. ఆ మూడింటిలో విప్పిన ఇటుక ముక్కను, మూడడుగులు చదరంగా, పనయ్యాక కూడా పూయకుండా చెక్క చట్రం బిగించి వదిలేస్తే మరీ మంచిది. రాబోయే మేస్త్రికి ఆ గోడ ఏమిటో చెప్పేది అదే. అందరూ అడిగే మొదటి ప్రశ్న ‘ఎంతయింది?’ దాచకండి. సున్నం ఇన్ని బస్తాలు, ఇసుక ఇంత, మేస్త్రి రోజులు ఇన్ని, కూలీ ఇంత అని పలక మీద రాసి పెట్టండి. సున్నపు పని ఖరీదని భయపడేవాళ్లు, సిమెంటు పూత ఎన్నిసార్లు మార్పించుకున్నారో తామే లెక్కేసుకుంటారు. వచ్చినవాళ్లను వాళ్ల దగ్గరున్న పాత పెళ్లి ఫొటోలు తెమ్మనండి. అరుగు మీద తీసిన గుంపు ఫొటో వెనకాల కిటికీ చువ్వల నమూనా, చూరు చెక్కడం, వీధి మట్టం అన్నీ ఉంటాయి. ఊడిపోయిన చెక్కడాన్ని వడ్రంగి ఊహించి చేయనక్కర్లేదు.

మీ పత్రికకు ఒక విన్నపం. జిల్లా పేజీలో పాత ఇళ్ల ఫొటోలు వేసేటప్పుడు రంగుల అందంతోపాటు గోడ అడుగు భాగం, వీధి మట్టం కూడా కనపడేట్టు వేయండి. పాఠకులకు మరో మాట. మీ వీధికి కొత్త సిమెంటు రోడ్డు మంజూరైందని తెలిసిన వెంటనే, మీ అరుగు అంచు నుంచి ఇప్పటి రోడ్డు దాకా ఎన్ని అంగుళాలో టేపు పెట్టి కొలిచి, టేపుతో సహా ఫొటో తీసి, వీధిలో నలుగురి సంతకాలతో పురపాలక కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకోండి. పాత రోడ్డు తవ్వి, అదే మట్టానికి కొత్తది వేయమని అందులో అడగండి. కంకర దిగాక ఇచ్చే అర్జీని ఎవరూ చదవరు.

ఇట్లు,
పాత ఇళ్ల మరమ్మతు పనుల్లో ఉన్న కొందరు తాపీ మేస్త్రీలు, వడ్రంగులు
రాజమహేంద్రవరం